పెన్నీ స్టాంపు పెంచిన పలకరింపు

1843 డిసెంబరు. లండన్‌లో హెన్రీ కోల్ బల్ల మీద ఉత్తరాలు గుట్ట పడ్డాయి. అన్నీ పండగ ముందు బంధుమిత్రులు రాసినవే. జవాబివ్వకపోతే మర్యాద కాదు, ఇద్దామంటే తీరిక లేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు కదా, ఆ గుట్టలో ఆయన చేతిచలవ కూడా కొంత ఉంది.

అంతకు కొన్నేళ్ల ముందు వరకు బ్రిటన్‌లో తపాలా ఖర్చు మామూలుగా ఉత్తరం అందుకున్నవాళ్ల నెత్తినే పడేది. ఊరు దూరమైతే రేటు ఎక్కువ. కాగితం ఒకటికి రెండైతే రెట్టింపు. 1840లో తపాలా సంస్కర్త రోలండ్ హిల్ పథకం వచ్చి ఆ లెక్కలన్నీ చెరిపేసింది. అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఏ మూలకు వెళ్లినా ఒక్క పెన్నీ. ఈ మార్పు కోసం ఊరూవాడా ప్రచారం చేసినవాళ్లలో కోల్ ఒకడు. రేటు తగ్గింది, జనం రాయడం మొదలెట్టారు, ఆ వరద వచ్చి ఆయన బల్ల మీదే పడింది.

ఆయన తన మిత్రుడు, చిత్రకారుడు జాన్ కాల్కాట్ హార్స్‌లీని ఒక బొమ్మ గీసిమ్మన్నాడు. మధ్యలో ముసలివాళ్ల నుంచి పిల్లల దాకా ఓ కుటుంబం వైన్ గ్లాసులెత్తి శుభం పలుకుతోంది. ఒక పక్క ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెడుతున్నారు, ఇంకో పక్క బట్టలేనివాళ్లకు బట్ట కప్పుతున్నారు. క్రిస్మస్ శుభాకాంక్షలతోపాటు కొత్త ఏడాదికీ శుభం పలికే ఒక వాక్యం. పంపేవాళ్ల పేరు, అందుకునేవాళ్ల పేరు రాసుకోవడానికి ఖాళీ. అంతే. బాల ఏసు లేడు, పశువుల పాక లేదు, నక్షత్రం లేదు. లితోలో వెయ్యి కాపీలు అచ్చువేసి, చేత్తో రంగులు దిద్దించి, తనకు కావలసినవి ఉంచుకుని మిగతావి కార్డు షిల్లింగు చొప్పున అమ్మకానికి పెట్టాడు. షిల్లింగంటే పన్నెండు పెన్నీలు. తపాలా ఖర్చు కంటే కార్డు పన్నెండు రెట్లు ఖరీదన్న మాట!

ఆ కార్డు మీద గొడవ రానే వచ్చింది. అయితే దేవుడి బొమ్మ ఎందుకు లేదని కాదు, పసిపిల్ల నోటికి వైన్ గ్లాసు అందించారేమిటని. మద్యపానాన్ని వ్యతిరేకించే సంఘాలవాళ్లకు ఒళ్లు మండింది. 1870లో బ్రిటిష్ తపాలా శాఖ కార్డును అర పెన్నీకే చేరవేస్తామన్నాక గానీ కార్డులు పంపే అలవాటు సామాన్యుల ఇళ్లకు దిగలేదు. ఒకప్పుడు మన ఊళ్లలో సంక్రాంతి కార్డుల కవరు మూత అంటించకుండా లోపలికి దోపి, పైన బుక్‌పోస్ట్ అని రాసి, తక్కువ స్టాంపుతో పంపినవాళ్లకు ఈ అర పెన్నీ మహిమ వేరే చెప్పక్కర్లేదు.

ఇక బోస్టన్‌కు వెళ్దాం. క్రిస్మస్ కార్డును అమెరికాలో ఇంటింటి వ్యాపారంగా మార్చిన లూయీ ప్రాంగ్ అక్కడివాడు. నిజానికి అతను వలస వచ్చినవాడు. ప్రష్యాలోని బ్రెస్లావ్‌లో పుట్టి, 1848 విప్లవం విఫలమయ్యాక పారిపోయి వచ్చాడు. 1870ల నడుమ అతని రంగుల అచ్చు కార్డులు అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. వాటిలో చాలావాటి మీద ఉన్నవి పూలూ, ఆకులూ, పిట్టలే.

అవి అచ్చయిన ఊరి చరిత్ర చూస్తే నవ్వొస్తుంది. 1659లో ఆ ఊరున్న మసాచుసెట్స్‌లో క్రిస్మస్ జరుపుకోవడం నేరం. పని మానినా, విందు చేసినా ఐదు షిల్లింగుల జరిమానా. ఆ చట్టం పెట్టినవాళ్లు వేరే మతంవాళ్లేమీ కాదు, ప్యూరిటన్ క్రైస్తవులే. బైబిల్లో ఈ తేదీ ఎక్కడుంది, ఇదంతా తాగి తందనాలాడే పాత ఆచారం అన్నది వాళ్ల వాదన. ఆ చట్టం 1681 దాకా నడిచింది. క్రిస్మస్ మీద యుద్ధం అంటూ ఇవాళ అమెరికా టీవీల్లో గొంతు చించుకునేవాళ్లు ఈ పేజీని ఎందుకో తిప్పరు.

ఆ గొంతు చించుకోవడానికి మూలం రెండు మాటలు: ‘సీజన్స్ గ్రీటింగ్స్’, ‘హ్యాపీ హాలిడేస్’. దేవుణ్ణి పండగలోంచి తోసేయడానికి ఈ మధ్య పుట్టించినవని ఫిర్యాదు. కానీ రుతువు పేరుతో శుభం చెప్పడం విక్టోరియా కాలపు కార్డుల మీదే ఉంది. హాలిడే అన్న మాటకు మూలార్థం పవిత్ర దినం. మన ‘సెలవు’కు ఆ భాగ్యం లేదు. ‘సెలవుల శుభాకాంక్షలు’ అంటే బడిపిల్లలు తప్ప ఎవరూ సంతోషించరు. అయినా మనకు ఆ అవసరమూ రాలేదు. ‘పండగ శుభాకాంక్షలు’ అంటే చాలు, ఎవరి పండగ అని ఆ మాట అడగదు.

అమెరికాలో ఆ ప్రశ్నకు జవాబు కవరు మీద మొదలైంది. 1962లో తొలి క్రిస్మస్ స్టాంపు వచ్చింది. తలుపుకు పచ్చని ఆకుల దండ, పక్కన కొవ్వొత్తులు. తపాలా శాఖ ముందు 35 కోట్లు వేయిస్తే చాలక, మళ్లీ మళ్లీ అచ్చువేయాల్సి వచ్చింది. 1996లో యూదుల హనుక్కా స్టాంపును ఇజ్రాయెల్‌తో కలిసి విడుదల చేశారు. హనుక్కా మన పండగల్లాగే చాంద్రమానపు తిథి ప్రకారం నడుస్తుంది కాబట్టి ఒక ఏడు నవంబరులో, ఇంకో ఏడు డిసెంబరు చివర వస్తుంది. 2024లో సరిగ్గా క్రిస్మస్ సాయంత్రమే మొదలైంది. 1997లో ఆఫ్రికన్ అమెరికన్ల క్వాంజా పండగ వంతు.

రంజాను నెల ఏడాదికి పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, కొత్త శతాబ్దం మొదట్లో ఈద్‌ను డిసెంబరుకు తెచ్చింది. నీలం మీద బంగారు అక్షరాల ఈద్ స్టాంపు 2001 సెప్టెంబరు 1న విడుదలైంది. రాసినవాడు అమెరికన్ లిపి కళాకారుడు మహమ్మద్ జకరియా. పది రోజులకు న్యూయార్క్ జంట భవనాలు కూలాయి. ఆ స్టాంపును ఉపసంహరించాలని కొందరు పట్టుబట్టారు. తపాలా శాఖ వినలేదు సరికదా, మరుసటి ఏడాది తపాలా రేటు పెరిగితే కొత్త ధరతో మళ్లీ అచ్చు వేసింది. నా దృష్టిలో ఈ కథలో కాస్త ధైర్యం అవసరమైన ఘట్టం అదొక్కటే. మిగతాదంతా వ్యాపారం, తీరిక లేకపోవడం.

దీపావళికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. అక్కడి భారతీయులు అర్జీ మీద అర్జీ పెట్టగా పెట్టగా 2016 అక్టోబరులో స్టాంపు వచ్చింది. మెరిసే బంగారు రంగు మీద వెలుగుతున్న ప్రమిద. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో తెలుగువాళ్లు ఆ ప్రమిదను అంటించి పక్కింటివాళ్లకు క్రిస్మస్ కార్డు పంపినా తపాలా శాఖకు అభ్యంతరం లేదు. క్రిస్మస్ స్టాంపు మీది మేరీమాత బొమ్మైనా, ప్రమిదైనా, ఈద్ స్టాంపైనా ఉత్తరానికి అదే రేటు.