మోటార్ షట్టర్ మొరాయిస్తే.. లోపం పట్టుకునేదెలా?

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ రైల్వే స్టేషన్ పక్కనే ఉండే బర్మామైన్స్‌కు ఏప్రిల్, మే నెలల్లో గాలివానలు మామూలే. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీద పుట్టే ఈ ‘కాల్‌బైశాఖి’ వానలకు ఉరుములు, మెరుపులు తోడవుతాయి. కరెంటు పోయి వచ్చాక గ్యారేజీ మోటార్ షట్టర్ కదలకపోతే, లోపాన్ని ఒక వరుసలో వెతకాలి.

అసలు స్పందన లేకపోతే: గోడ మీది బటన్ పనిచేసి రిమోట్ పనిచేయకపోతే ముందు బ్యాటరీ మార్చి చూడాలి. రెండూ పనిచేయకపోతే ఎంసీబీ, ప్లగ్ చూడాలి. ఎంసీబీని ఒకసారి ఎత్తి చూడొచ్చు. మళ్లీ పడిపోతే వదిలేయాలి. షార్ట్ సర్క్యూట్ అయి ఉండొచ్చు. ఆర్‌సీసీబీ పడిపోతుంటే తడిసిన చోట కరెంటు లీకవుతోందని అనుమానించాలి. సరఫరా ఉన్నా కంట్రోల్ బోర్డు లైటు వెలగకపోతే పిడుగుపాటు వోల్టేజీకి బోర్డు దెబ్బతిని ఉండొచ్చు.

మోటార్ మూలిగి తిరగకపోతే: వెంటనే స్విచ్ ఆపాలి. షట్టర్ ఎక్కడైనా ఇరుక్కుందేమో చూడాలి. లేకపోతే అనుమానం కెపాసిటర్ మీదే. సీలింగ్ ఫ్యాన్‌లో ఉండే కండెన్సర్ లాంటిదే ఇది. కరెంటు తీసేసినా ఇందులో విద్యుత్తు నిల్వ ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియనే ముట్టుకోవాలి.

మధ్యలో ఆగితే: వెంటవెంటనే చాలాసార్లు ఎత్తి దించితే వేడెక్కిన మోటార్ తనంతట తానే ఆగిపోతుంది. చల్లారనివ్వాలి. ప్రతిసారీ ఒకేచోట ఆగుతుంటే లిమిట్ స్విచ్ సర్దాలి.

తెరుచుకుని, మూసుకోకపోతే: ఇది చాలాసార్లు లోపం కాదు, రక్షణ. కింద రెండు వైపులా ఎదురెదురుగా ఉండే సెన్సార్ల మధ్య కిరణం తెగితే షట్టర్ దిగదు. దుమ్ము, సాలెగూడు, పక్కకు జరిగిన సెన్సార్ చాలు. పొడిగుడ్డతో తుడిచి, రెండింటినీ ఎదురెదురుగా సర్దాలి.

సెన్సార్‌ను తప్పించి వైర్లు కలిపేయడం మాత్రం ప్రాణాంతకం. తలుపుల కింద నలిగి పిల్లలు చనిపోవడంతోనే అమెరికా 1990లో చట్టం చేసింది. 1993 నుంచి తయారయ్యే ఇళ్ల గ్యారేజీ ఓపెనర్లకు ఇలాంటి రక్షణ తప్పనిసరి అయింది.

కరెంటు లేనప్పుడు చేత్తో నడపాలంటే షట్టర్ పూర్తిగా దిగి ఉన్నప్పుడే మోటార్ నుంచి విడదీయాలి. పైన ఉండగా విడదీస్తే బరువుకు ఒక్కసారిగా కూలొచ్చు.

మరమ్మతు అయ్యాక, షట్టర్ దిగుతుండగా పక్కనుంచి సెన్సార్ల మధ్య చీపురుకర్ర అడ్డం పెట్టాలి. షట్టర్ ఆగకపోతే మరమ్మతు పూర్తికానట్టే.