ముద్ర చెప్పని సంగతి

నగ కొనేటప్పుడు మనం ముందుగా ముద్ర చూస్తాం. పాత బొమ్మలు కొనేవాళ్ళూ అంతే, మూలన సంతకమో ముద్రో ఉందా అని వెతుకుతారు. జపానులో నల్లసిరాతో వేసిన పాత ప్రకృతి చిత్రాలను ఎలా పోల్చుకుంటారో తెలుసుకుందామని పుస్తకాలు ముందేసుకున్నానా, అందులో ఒక బొమ్మ దగ్గర మాత్రం ఈ పద్ధతి బొత్తిగా పనిచేయలేదు.

అది హసెగావా తోహాకు వేసిన పైన్ చెట్ల బొమ్మ. టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. జపాను ప్రభుత్వం దాన్ని జాతీయ సంపదగా ప్రకటించింది కూడా. ఆరేసి మడతల తెరలు రెండు. ఒక్కొక్కటీ మనిషి ఎత్తుకు కాస్త తక్కువ, వెడల్పు మూడున్నర మీటర్లు. రంగన్న మాటే లేదు. అక్కడక్కడ గుంపుగా చెట్లు, వాటి మధ్య పొగమంచు. ఆ పొగమంచు ఏమిటనుకున్నారు? ఏమీ వేయకుండా వదిలేసిన కాగితం! దగ్గరికెళ్ళి చూస్తే చీపురుపుల్లతో గీకినట్టు మోటు గీతలు. నాలుగడుగులు వెనక్కి జరిగితే అవే తడిసిన కొమ్మలవుతాయి.

ఇంత గొప్ప బొమ్మకు ముద్రలు కుదరవు. తోహాకు తక్కిన బొమ్మల మీద వేసిన ముద్రలకూ వీటికీ పోలిక లేదు. తర్వాతెవరో కొట్టారని పండితుల అనుమానం. పైగా కాగితం అతుకులు ఒక వరసలో లేవు. దొరల ఇంటికి వేసే తెర అలా ఉండదు గదా! అందుకే ఇది మరేదో పెద్ద బొమ్మకు వేసుకున్న చిత్తు అయ్యుండాలంటారు. అయినా ఇది తోహాకుది కాదని వాళ్ళు అనరు. సిరాను పలచనా చిక్కనా చేసి తడిగాలిని చూపించడం, చైనా సన్యాసి ముచి బొమ్మలు చూసి అతను పట్టుకున్న విద్య. ముద్ర ఎవరైనా చెక్కించుకోవచ్చు, ఆ చేతివాటం ఎక్కణ్ణించి తెస్తారు?

తోహాకు 1539లో నోతో ప్రాంతంలో పుట్టాడు. అద్దకం పనివాళ్ళింటికి పెంపకం వెళ్ళాడు. క్యోటోలో పెద్ద పనులన్నీ కనో వంశం గుప్పిట్లో ఉన్న రోజులవి. 1590లో రాజభవనంలో పని తోహాకుకు దక్కబోతే కనో ఎయితొకు అడ్డుపడ్డాడు. 1591లో హిదెయోషికి మూడేళ్ళ కొడుకు పోయాడు. ఆ పసివాడి పేర కట్టించిన గుడికి బొమ్మలు వేసే పని మాత్రం తోహాకు ఇంటికే వచ్చింది. బంగారు రేకుల మీద తండ్రి మేపుల్ చెట్టు వేశాడు, కొడుకు క్యూజో చెర్రీ చెట్లు వేశాడు. 1593లో ఆ క్యూజో కూడా పోయాడు. ఇరవై ఆరేళ్ళవాడు.

పైన్ చెట్లు ఆ శోకంలోంచే వచ్చాయని చాలామంది నమ్మకం. నవలలు రాసుకునేదాన్ని, నాకూ ఆ కథే ఇష్టం. కానీ బొమ్మ మీద తేదీ లేదు. బొమ్మ తూచడానికి కూర్చున్నవాళ్ళు ఆ కన్నీటిని తక్కెడలో వేయరు, వేయకూడదు కూడా. నా మటుకు నేను కథ పక్కన పెట్టే చూశాను. బంగారం మీద అంత ఆర్భాటంగా మేపుల్ చెట్టు వేసిన చెయ్యి, ఇక్కడ సగం కాగితం ముట్టుకోకుండా ఆగిపోయింది. ఆ ఆగడమే నాకు అబ్బురంగా ఉంది.

ఎడమ తెరలో పైన మంచుకొండ ఒకటుంది. నా పుస్తకంలో కళ్ళజోడు తుడుచుకుని చూస్తేగాని కనిపించలేదు.