అత్యవసర అధికారాలు - దిగుమతి సుంకాలు: అమెరికా తీర్పులు
అమెరికా రాజ్యాంగం ప్రకారం సుంకాలు విధించే అధికారం చట్టసభయైన కాంగ్రెస్‌ది, అధ్యక్షునిది కాదు. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ అత్యవసర పరిస్థితిని ప్రకటించి, సుంకం వర్తించే దిగుమతులపై 10 శాతం అదనపు సుంకం వేశాడు. అది నాలుగు నెలలే సాగింది. అయినను, జపాను జిప్పులను దిగుమతి చేసుకునే యోషిడా సంస్థ వ్యాజ్యం విడువలేదు. 1974లో కస్టమ్స్ న్యాయస్థానం సంస్థ పక్షాన తీర్పు చెప్పగా, 1975లో అప్పీలు న్యాయస్థానం దానిని త్రోసిపుచ్చింది. 1917 నాటి శత్రుదేశ వాణిజ్య చట్టంలో దిగుమతులను ‘నియంత్రించుట’ అన్న మాటలోనే సుంకం ఇమిడి ఉన్నదని భావించింది; అయితే ఇది హద్దులేని అధికారం కాదని కూడా స్పష్టం చేసింది. తరువాతి వివాదమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

1977 నాటి అంతర్జాతీయ అత్యవసర ఆర్థికాధికారాల చట్టంలోనూ ఆ మాట ఉన్నది, ‘సుంకం’ అన్న మాట లేదు. 2025లో డొనాల్డ్ ట్రంప్ ఆ చట్టం ఆధారంగానే పలు దేశాలపై సుంకాలు విధించాడు. ఆగస్టు 27న భారత సరకులపై అవి 50 శాతానికి చేరగా, ఆ దెబ్బ ఆంధ్ర తీరపు రొయ్యల చెరువులకూ తగిలింది. కోర్టుకెక్కినవారిలో ఒక వైన్ దిగుమతిదారు, ఒక ఆటవస్తువుల సంస్థ ఉన్నారు. క్రింది న్యాయస్థానాలు వారి వాదననే సమర్థించాయి. 2026 ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు సైతం, ఆ చట్టం సుంకాలకు అధికారమీయదని 6-3 ఆధిక్యంతో తేల్చింది. వసూలైన సొమ్మును ఎట్లు తిరిగి చెల్లించాలో మాత్రం ఆ తీర్పు చెప్పలేదు.