ఆయుర్దాయ గణన నుంచి లోపనిర్ధారణకు: బాల్ బేరింగుల కంపన విశ్లేషణ - చారిత్రక పరిశీలన

బేరింగుల సగటు ఆయుర్దాయాన్ని లెక్కించే శాస్త్రం, ఎదుట తిరుగుతున్న ఒక్క బేరింగు స్థితిని తెలిపే శాస్త్రంగా ఎలా పరిణమించిందో, ఆ పరిణామంలో అనుకరణ నమూనాల పాత్ర ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నేపథ్యం

1794లో ఫిలిప్ వాన్ బండి ఇరుసుకు బాల్ బేరింగు అమర్చే పద్ధతిపై బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. బేరింగుపై పడే భారం ఏ గోళీకి ఎంత చేరుతుందో 1901లో జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రిబెక్ సూత్రీకరించాడు. 1947లో లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్‌లు లోహపు అలసట ఆధారంగా ఆయుర్దాయ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఒకే రకపు బేరింగులలో 90 శాతం ఎన్ని భ్రమణాల వరకు నిలుస్తాయో అంచనా వేయడానికి అది తోడ్పడింది. అయితే వాడుకలో ఉన్న ఒకానొక బేరింగు మిగిలిన 10 శాతంలోనిదా అన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు.

కంపనమే సాక్ష్యం

ఆ సమాధానాన్ని కంపనంలో వెతకవలసి వచ్చింది. రేసుపై గుంట ఏర్పడితే ప్రతి గోళీ దాన్ని దాటినప్పుడు ఒక తాకిడి పుడుతుంది. ఉదాహరణకు, 9 గోళీలున్న 6205 రకపు బేరింగులో బయటి రేసు కదలకుండా ఉండి, ఇరుసు నిమిషానికి 1797 సార్లు తిరిగితే, బయటి రేసుపై గుంట సెకనుకు సుమారు 107 తాకిడులను, లోపలి రేసుపై గుంట సుమారు 162 తాకిడులను కలిగిస్తాయి. అంటే తాకిడుల లయే లోపమున్న చోటును చెబుతుంది. కాని ఈ బలహీన సంకేతం ఇతర భాగాల కంపనాలలో మునిగిపోతుంది. తాకిడికి యంత్రభాగాలు తమ సహజ పౌనఃపున్యాల వద్ద మోగుతాయి. ఆ మోత హెచ్చుతగ్గుల ఆవరణరేఖను వేరుచేసి లయను వెలికితీసే పద్ధతి 1970లలో రూపుదిద్దుకుంది. 1965లో కూలీ, టూకీలు ప్రకటించిన శీఘ్ర ఫూరియర్ గణన పద్ధతి పౌనఃపున్య విశ్లేషణను సులభతరం చేసింది.

అనుకరణ నమూనా

1984లో మెక్‌ఫాడెన్, స్మిత్‌లు లోపలి రేసుపై ఒకే గుంట పుట్టించే కంపనానికి గణిత నమూనా నిర్మించారు. గుంట ఇరుసుతోపాటు తిరుగుతూ భారమున్న ప్రాంతంలోకి వచ్చిపోతుంది గనుక తాకిడి బలం మారుతుంది. ఆ మార్పును లెక్కించడానికి వారు స్ట్రిబెక్ భార సూత్రాన్నే ఆశ్రయించారు. ఆయుర్దాయ చింతన కాలపు సూత్రం ఆ విధంగా లోపనిర్ధారణకు పునాది అయింది.

ముగింపు

అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన బేరింగు దత్తాంశం నేడు పరిశోధకులకు ప్రామాణికమైంది. అందులోని గుంటలు విద్యుత్ స్ఫులింగాలతో కృత్రిమంగా చెక్కినవి. వాటిలో కొన్ని నమోదులు ఊహించిన లక్షణాలను స్పష్టంగా చూపవని 2015లో స్మిత్, రాండల్‌లు నిరూపించారు. కనుక కృత్రిమ లోపాలపై సాధించిన కచ్చితత్వాన్ని అలసటతో సహజంగా పుట్టిన లోపాలకు యథాతథంగా ఆపాదించడం తగదు. తాకిడికి కారణాన్ని వివరించే నమూనా తోడు లేని గణాంక ఫలితం అసంపూర్ణమే అన్నది ఈ చరిత్ర నేర్పే పాఠం.