అంటువ్యాధుల కాలంలో గినీ పందుల సంరక్షణ

అంటువ్యాధుల కాలంలో గినీ పందుల సంరక్షణ అనగా మనుషులలో ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్-19 వంటి వైరస్ వ్యాధులు ప్రబలినపుడు ఇళ్ళలో పెంచుకొనే గినీ పందులకు హాని కలుగకుండా తీసుకొనే జాగ్రత్తలు. అన్ని వైరస్‌లూ ఈ జంతువుకు ఒకే విధంగా ప్రమాదకరం కావు. కోవిడ్-19ను కలిగించే వైరస్ దీనికి దాదాపు సోకదు. మనుషుల ఇన్‌ఫ్లుయెంజా మాత్రం సులభంగా సోకుతుంది. అయితే రెండు సందర్భాలలోను పెంపుడు గినీ పంది ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా వైరస్ వలన కాదు. మేత అందకపోవడం, యజమాని ఆసుపత్రి పాలవడం, శుభ్రత పేరుతో వాడే రసాయనాలు, భయంతో జంతువును వదలివేయడం మొదలైనవి అందుకు కారణమవుతాయి.

జంతువు గురించి

గినీ పంది (శాస్త్రీయ నామం కేవియా పోర్సెల్లస్) కేవిడే కుటుంబానికి చెందిన తోకలేని చిన్న కృంతకం. పేరులో ఉన్నా ఇది పందీ కాదు, ఆఫ్రికాలోని గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల ప్రజలు దీనిని వేల సంవత్సరాల క్రితమే ఆహారం కొరకు మచ్చిక చేసుకున్నారు. పెరూ, ఈక్వడార్, బొలీవియా దేశాలలో నేటికీ దీని మాంసం తింటారు. ఎలుక జాతి జంతువును పందితో పోల్చడం తెలుగువారికి కొత్త కాదు. మన పందికొక్కు పేరూ అటువంటిదే. ఆంగ్లంలోని 'బ్యాండికూట్' అన్న మాట ఆ తెలుగు పదం నుండి వెళ్ళినదే.

పెరిగిన గినీ పంది బరువు సాధారణంగా 700 నుండి 1,200 గ్రాములు, ఆయుర్దాయం 5 నుండి 8 సంవత్సరాలు. సంరక్షణ విషయంలో దీని శరీరానికి సంబంధించిన మూడు సంగతులు ముఖ్యమైనవి. మొదటిది, మనుషుల వలెనే ఇది కూడా విటమిన్ సి ని తన శరీరంలో తయారు చేసుకోలేదు. రెండవది, దీని పేగులు ఎప్పుడూ పీచు పదార్థంతో నిండి కదులుతూ ఉండాలి. ఒక పూట మేత మానితేనే జీర్ణక్రియ మందగించి, ఒక రోజు గడిస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. మూడవది, ఇతర జంతువులకు వేటగా బ్రతికిన ప్రాణి కనుక జబ్బును బయటపడనీయదు. చూసేవారికి అనుమానం వచ్చేసరికే వ్యాధి ముదిరి ఉంటుంది.

ఇన్‌ఫ్లుయెంజా

మనుషుల ఇన్‌ఫ్లుయెంజాకు, గినీ పందులకు గల సంబంధం 1918 నాటిది. ఆ సంవత్సరం ప్రపంచమంతటా వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి (స్పానిష్ ఫ్లూ) అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న క్యాంప్ కోడీ అనే సైనిక శిబిరాన్ని తాకినపుడు అక్కడి ప్రయోగశాలలోని గినీ పందులు కూడా చనిపోసాగాయి. తిన్న మేత విషపూరితమై ఉండవచ్చునని మొదట అనుకున్నారు. చనిపోయిన జంతువును కోసి పరీక్షించగా న్యుమోనియా లక్షణాలు కనిపించాయి. ఈ సంగతిని తెలిపే లేఖ ఒకటి 1919లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చి, తరువాత మరుగున పడిపోయింది. దశాబ్దాల తరువాత న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాలకు చెందిన వైరస్ శాస్త్రవేత్త పీటర్ పలేజీ దృష్టికి అది వచ్చింది.

పలేజీ, అనైస్ లోవెన్ తదితరులు 2006లో ప్రచురించిన పరిశోధనలో మనుషుల హెచ్3ఎన్2 ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఏ మార్పులూ లేకుండానే గినీ పందులకు సోకుతుందని, ఒక జంతువు నుండి పక్క బోనులోని జంతువుకు గాలి ద్వారా కూడా చేరుతుందని తేలింది. 2007లో వీరే చేసిన మరొక ప్రయోగంలో చల్లని, పొడి గాలిలో ఈ వ్యాప్తి ఎక్కువగాను, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలి ద్వారా వ్యాప్తి లేకుండాను ఉన్నట్లు కనుగొన్నారు. చలి దేశాలలో ఫ్లూ శీతాకాలపు వ్యాధిగా ఎందుకు ఉంటుందో తెలుసుకోవడానికి ఈ ఫలితం తోడ్పడింది. అయితే దీనిని చూసి ఉష్ణదేశాలవారు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. 30 డిగ్రీల వద్ద కూడా ఒకే బోనులో కలిసి ఉన్న జంతువుల మధ్య వైరస్ వ్యాపిస్తూనే ఉన్నదని 2008లో అదే బృందం తెలిపింది.

2020లో వెలువడిన మరొక ప్రయోగం పెంపకందారులకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. అందులో అప్పటికే రోగ నిరోధక శక్తి కలిగిన గినీ పందుల బొచ్చుకు ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను పూశారు. వాటికి వ్యాధి రాలేదు. కాని అవి కదిలినపుడు బొచ్చు నుండి, బోనులోని ధూళి నుండి లేచిన రేణువులు వేరే బోనులోని జంతువులలో కొన్నింటికి వైరస్‌ను చేర్చాయి. అనగా శ్వాస, తుమ్ములు మాత్రమే కాక ధూళి కూడా వైరస్‌కు వాహనం కాగలదు. బోనును దులిపే పని ఆరోగ్యవంతులే చేయాలనడానికి ఇది మంచి కారణం.

ప్రయోగశాల బయట కూడా ఇటువంటి సంక్రమణకు ఆధారం ఉన్నది. ఈక్వడార్‌లో మాంసం కొరకు పెంచే గినీ పందుల రక్తంలో ఇన్‌ఫ్లుయెంజా ప్రతిరక్షకాలు ఉన్నట్లు 2012లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. వ్యాధి సోకిన గినీ పందులలో పైకి లక్షణాలు అంతగా కనిపించవు. జ్వరం, తుమ్ములు లేకపోయినా ముక్కులో వైరస్ పెరుగుతూ ఉంటుంది. పెంపుడు గినీ పందులకు ఇన్‌ఫ్లుయెంజా టీకా లేదు. కనుక ఇంటిలోని మనుషులు టీకా వేయించుకొనడమే వాటికి రక్షణ.

కోవిడ్-19

సార్స్ కోవ్-2 వైరస్ జీవకణంలోనికి ప్రవేశించడానికి ఏసీఈ-2 అనే గ్రాహకాన్ని ఆధారం చేసుకుంటుంది. గినీ పందిలో ఈ గ్రాహకం నిర్మాణం వైరస్ గట్టిగా పట్టుకొనేందుకు అనువుగా లేదు. ప్రయోగాలలో కూడా గినీ పందులు ఈ వైరస్‌కు లొంగలేదు. దానికి దగ్గరి తరహా పెంపుడు జంతువైన సిరియన్ హామ్‌స్టర్‌కు మాత్రం ఇది చాలా తేలికగా సోకుతుంది. బయటి నుండి చూసేవారికి రెండూ బోనులో ఉండే చిన్న ఎలుక జాతి జంతువులే. ఈ తేడా తెలియకపోవడం వలన జరిగే నష్టానికి హాంకాంగ్ సంఘటన ఉదాహరణ.

2022 జనవరిలో హాంకాంగ్‌లోని కాజ్‌వే బే ప్రాంతంలో పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేసే ఒక వ్యక్తికి, అప్పటికి ఆ నగరంలో చాలాకాలంగా కనిపించని డెల్టా రకం వైరస్ సోకింది. ఆ దుకాణంలోని, దాని గిడ్డంగిలోని హామ్‌స్టర్లలో వైరస్ బయటపడింది. జనవరి 18న ప్రభుత్వం సుమారు 2,000 చిన్న జంతువులను, ముఖ్యంగా హామ్‌స్టర్లను, చంపివేయనున్నట్లు ప్రకటించింది. 2021 డిసెంబరు 22 తరువాత హామ్‌స్టర్లను కొన్నవారు వాటిని అప్పగించవలసినదిగా కోరింది. దీనిపై నగరంలో పెద్ద ఎత్తున నిరసన వచ్చింది. అప్పగించడానికి ఇష్టపడనివారి జంతువులకు తమ ఇళ్ళలో చోటిస్తామని ఎంతోమంది ముందుకు వచ్చారు.

తరువాత హాంకాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వివరాల ప్రకారం దుకాణంలో పరీక్షించిన 16 సిరియన్ హామ్‌స్టర్లలో 8 జంతువులకు వైరస్ సోకింది, వాటి నుండి మనుషులకు కూడా చేరింది. కుందేళ్ళు, చించిల్లాలు, మరుగుజ్జు హామ్‌స్టర్లలో వైరస్ కనబడలేదు. పరీక్షించిన 66 గినీ పందులలో ఒక్కదానికి కూడా లేదు. కనుక కోవిడ్ సోకిన ఇంటిలో గినీ పందిని చూసి భయపడవలసిన పని లేదు. హామ్‌స్టర్ కూడా ఉన్న ఇంటిలో మాత్రం రెండింటినీ వేరు గదులలో ఉంచి, హామ్‌స్టర్ విషయంలో ఎక్కువ జాగ్రత్త వహించాలి.

మంకీపాక్స్

2003లో అమెరికాలో మంకీపాక్స్ (నేటి పేరు ఎంపాక్స్) వ్యాపించినపుడు ఘానా నుండి దిగుమతి అయిన కృంతకాల వలన పెంపుడు ప్రెయిరీ కుక్కలకు, వాటి నుండి మనుషులకు వ్యాధి సోకింది. 2022లో ఈ వ్యాధి అనేక దేశాలలో కనిపించినపుడు, రోగి ఉన్న ఇంటిలోని గినీ పందులు, హామ్‌స్టర్లు వంటి కృంతకాలను వీలైతే 21 రోజుల పాటు వేరే సురక్షిత స్థలంలో ఉంచి పరీక్షించడం మంచిదని బ్రిటన్ ఆరోగ్య, పశు వైద్య అధికారులు సూచించారు. జంతువును చంపడం చివరి మార్గం మాత్రమే కావాలని ఐరోపా వ్యాధి నియంత్రణ కేంద్రం పేర్కొన్నది.

ఇంటిలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంటిలో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నపుడు గినీ పందికి మేత వేసే పని ఆరోగ్యంగా ఉన్న మరొకరు చేపట్టాలి. అటువంటివారు లేనపుడు రోగి మాస్కు ధరించి, ముందు తరువాత సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కొని, పని ముగించి వెంటనే దూరంగా జరగాలి. ముద్దాడడం, ఒడిలో పెట్టుకొనడం, తన కంచం లోని కూర ముక్క పెట్టడం మానాలి. జంతువుకు మాస్కు తొడగకూడదు.

బోనును రోగి గదిలో నుండి మార్చవలసి వస్తే ఎక్కడికి అన్నది ఆలోచించాలి. గినీ పందికి అనుకూలమైన ఉష్ణోగ్రత 18 నుండి 24 డిగ్రీలు. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ తగులుతుంది. తెలుగు రాష్ట్రాలలో 2020 నాటి లాక్‌డౌన్, 2021 నాటి రెండవ విడత కోవిడ్ రెండూ ఎండాకాలంలోనే వచ్చాయి. అటువంటి సమయంలో అంటువ్యాధి భయంతో బోనును బాల్కనీలోనో, మేడ మీదనో పెట్టడం వైరస్ కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. గినీ పందులు గుంపుగా బ్రతికే జంతువులు. స్విట్జర్లాండ్‌లో ఒక్కదానినే పెంచడం 2008 నుండి చట్టవిరుద్ధం. కాబట్టి వేరుచేసేటపుడు కలిసి పెరిగిన జంటను కలిపే తరలించాలి. వైరస్ వచ్చి ఉంటే రెండింటికీ అప్పటికే చేరి ఉంటుంది. విడదీస్తే మేత మానవచ్చు.

శుభ్రపరిచే రసాయనాల వలన కలిగే హాని తక్కువేమీ కాదు. శానిటైజర్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి జంతువు శరీరానికి పూయరాదు. అది బొచ్చును నాకినపుడు అవి కడుపులోనికి పోతాయి. బోనులో బ్లీచింగ్ ద్రావణం వాడేముందు మూత్రంతో తడిసిన గడ్డిని, పొట్టును తీసివేసి నీటితో కడగాలి. మూత్రంలోని అమ్మోనియాతో బ్లీచింగ్ కలిసినపుడు క్లోరమిన్ అనే ఘాటైన వాయువు పుట్టి మనిషికి, జంతువుకు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. కడిగిన బోను పూర్తిగా ఆరి, వాసన పోయిన తరువాతనే జంతువును తిరిగి లోనికి వదలాలి.

మేత

రవాణా నిలిచిపోయే అవకాశం ఉన్నపుడు రెండు మూడు వారాలకు సరిపడా ఎండుగడ్డి నిల్వ ఉంచుకొనడం మొదటి జాగ్రత్త. నిల్వకు ఎలుకలు చేరకుండా చూడాలి, ఎందుకంటే ఇంటి ఎలుకల నుండి వేరే వైరస్‌లు గినీ పందికి రాగలవు. దుకాణాలలో దొరికే తిమోతి గడ్డి చల్లని ప్రదేశాల పంట. అది అందనపుడు మందులు చల్లని చోట కోసిన గరిక ఇవ్వవచ్చు. వరిగడ్డిలో పోషకాలు చాలా తక్కువ. అది పరవడానికి పనికివస్తుంది కాని అదే మేతగా చాలదు.

విటమిన్ సి రోజుకు ప్రతి కిలో బరువుకు 10 నుండి 30 మిల్లీగ్రాములు అవసరం. ఇది కొన్ని వారాలు అందకపోతే స్కర్వీ వ్యాధి వస్తుంది. కీళ్ళు వాచి, నడవలేక, మేత మాని చనిపోతుంది. గుళికల దాణాలో కలిపిన విటమిన్ సి నిల్వలో క్షీణిస్తుంది కనుక ఎక్కువ దాణా కొని దాచినంత మాత్రాన ప్రయోజనం లేదు. తయారైన మూడు నెలల లోపే వాడాలి. మన ప్రాంతంలో దీనికి తేలికైన మార్గం పెరటి కొత్తిమీర, బెంగుళూరు మిరప (కాప్సికం), కొద్దిగా జామ ముక్క. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప పెట్టరాదు.

జబ్బు గుర్తులు, చికిత్స

ప్రతిరోజు ఒకే వేళకు వంటింటి తూకంపై బరువు చూసి వ్రాసిపెట్టడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. వరుసగా బరువు తగ్గడం, పెంటికలు చిన్నవైపోవడం లేదా లేకపోవడం, బొచ్చు నిక్కబొడుచుకొని మూలన ముడుచుకొనడం, ముక్కు కళ్ళ నుండి నీరు, ఊపిరి తీసేటపుడు పొట్ట ఎగురడం ప్రమాద సూచనలు. గినీ పందులలో న్యుమోనియాకు తరచుగా కారణమయ్యేది వైరస్ కాదు, బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బాక్టీరియా. కుక్కలు, కుందేళ్ళు దీనిని పైకి జబ్బు కనిపించకుండానే మోస్తూ ఉంటాయి.

ఇంటిలో మనుషులకు తెచ్చిన మందులను గినీ పందికి వేయకూడదు. మన ఇళ్ళలో మిగిలిపోయి ఉండే అమాక్సిసిలిన్, ఇతర పెన్సిలిన్ రకాలు దీనికి విషంతో సమానం. అవి పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపగా క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియా పెరిగి, కొద్ది రోజులలోనే జంతువు మరణిస్తుంది. మేత మానిన జంతువుకు నానబెట్టి మెత్తగా చేసిన దాణాను సూదిలేని సిరంజితో నోటి పక్క నుండి కొద్ది కొద్దిగా తినిపిస్తూ పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. కుక్కలు, పిల్లులకు వైద్యం చేసేవారందరికీ గినీ పందుల వైద్యం తెలిసి ఉండదు. అందుచేత ఆ అనుభవం కలవారెవరో ముందుగానే విచారించి ఉంచుకోవాలి.

యజమాని ఆసుపత్రిలో చేరినపుడు

ఒంటరిగా ఉండే యజమాని అకస్మాత్తుగా ఆసుపత్రిలో చేరితే, రెండవ రోజుకే గినీ పంది ప్రాణాపాయ స్థితికి చేరుతుంది. పిల్లి వలె బయటకు పోయి బ్రతకడం దీనికి చేతకాదు. వదలివేసిన గినీ పంది కుక్కలకు, కాకులకు ఆహారమవుతుంది. కనుక అంటువ్యాధి మొదలైనపుడే పొరుగువారిలో ఒకరికి తాళం చెవి, రోజువారీ మేత కొలత, వైద్యుని ఫోను నంబరు వ్రాసిన చీటీ ఇచ్చి ఉంచాలి. నీటి సీసాలు రెండు అమర్చాలి, ఎందుకంటే ఒకదాని గొట్టం మూసుకుపోవడం సాధారణం. ఇన్‌ఫ్లుయెంజా సోకిన ఇంటి నుండి తెచ్చిన గినీ పందిని పొరుగింటిలోని ఇతర గినీ పందులతో రెండు వారాల పాటు కలపకపోవడం మంచిది. అప్పటికి దానిలోని వైరస్ తొలగిపోతుంది.