మరణ సమీప అనుభవాలు – క్రైస్తవ పరలోక విశ్వాసం

మరణ సమీప అనుభవం: గుండె ఆగిపోయో, ప్రాణాపాయ స్థితిలో స్పృహ తప్పో మళ్లీ కోలుకున్నవారు ఆ మధ్యలో తమకు కలిగిందని చెప్పే అనుభవం. తమ శరీరాన్ని తామే పైనుంచి చూడడం, చీకటి దారిలోంచి వెలుగు వైపు సాగడం, చనిపోయిన బంధువులో దివ్యపురుషులో ఎదురురావడం, గడిచిన బతుకంతా ఒక్కసారిగా కళ్లముందు కదలడం, ఏదో ఒక హద్దు దగ్గర ఆగి వెనుదిరగడం వీటిలో తరచు కనిపిస్తాయి. అన్నీ అందరికీ కలగవు. క్రైస్తవ సాహిత్యంలో ఇలాంటి వృత్తాంతాలు కనీసం 5వ శతాబ్ది నుంచి ఉన్నాయి. అవి పరలోకానికి రుజువులా, కావా అన్న చర్చ కూడా అప్పుడే మొదలైంది.

పేరు

ఇంగ్లీషులో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చినది అమెరికన్ రచయిత రేమండ్ మూడీ 1975లో ప్రచురించిన ‘లైఫ్ ఆఫ్టర్ లైఫ్’. తెలుగు పత్రికలు దీన్ని ఒక్కోసారి ‘మరణానంతర అనుభవం’ అని రాస్తుంటాయి. అది సరికాదు. చెప్పేవాడు బతికే ఉన్నాడు కాబట్టి అది మరణానంతరం కాదు, మరణానికి ఇవతలి గట్టు. ‘చచ్చి బతికాడు’ అన్న వాడుక మాటే ఈ స్థితికి దగ్గరగా ఉంది. జర్మనీలో బోధించిన స్విస్ కాథలిక్ వేదాంతి హాన్స్ క్యూంగ్ 1980ల ఆరంభంలో నిత్యజీవంపై రాసిన గ్రంథంలో ఈ తేడానే పట్టి చూపాడు: ఈ అనుభవాలు చనిపోవడం అనే ప్రక్రియ గురించి చెప్పగలవే కాని, మరణం తరువాతి స్థితి గురించి కాదు.

లేఖన నేపథ్యం

క్రొత్త నిబంధన మరణం తరువాతి స్థితిని ఒకచోట వరసగా వివరించదు. లూకా సువార్తలో సిలువమీది దొంగకు దొరికిన పరదైసు వాగ్దానం, ధనవంతుడు–లాజరు కథ కన్నుమూసిన వెంటనే కలిగే స్థితిని సూచిస్తాయి. పౌలు పత్రికల్లో చనిపోయినవారు ‘నిద్రించినవారు’. వారి ఆశ అంతా కడపటి పునరుత్థానం మీద. ఇక బేతనియ లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచాడు. ఆ నాలుగు రోజులు ఏం చూశాడన్నది యోహాను ఒక్క మాటైనా రాయలేదు. ఈ అంశంపై కలం పట్టిన క్రైస్తవ రచయితల్లో చాలామంది ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తీసుకోవలసింది.

కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయంలో పౌలు మూడవ ఆకాశానికి కొనిపోబడిన ఒక మనిషిని గురించి చెబుతాడు. శరీరంతో వెళ్లాడో శరీరం లేకుండా వెళ్లాడో తెలియదంటాడు. ఆ మనిషి పౌలే అని దాదాపు అందరి అభిప్రాయం. లుస్త్రలో జనం రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని పౌలును ఊరి బయటికి ఈడ్చినప్పుడే ఈ దర్శనం కలిగిందని కొందరు బోధకులు చెబుతారు. కాని తేదీలు కుదరవు. పత్రిక రాసినది సుమారు 55–56. దర్శనం అంతకు పద్నాలుగేళ్ల కిందటిది కాబట్టి అది 41–42 ప్రాంతానికి వస్తుంది. లుస్త్ర ఘటనను ఎక్కువమంది 46–48 మధ్య పెడతారు. రెండింటినీ కలపడానికి మూలగ్రంథంలో ఆధారం లేదు. ఈ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని తరువాతి కాలంలో ‘పౌలు దర్శనం’ అనే గ్రంథం పుట్టింది. ప్రస్తుత రూపంలో అది 4వ శతాబ్ది చివరిదంటారు. మధ్యయుగపు నరక వర్ణనలకు ముడిసరుకు చాలావరకు ఇందులోంచే వచ్చింది.

పేరు పొరబడిన పిలుపు: కుర్మా, స్తెఫను

ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన పాత సాక్ష్యం హిప్పో బిషపు అగస్టీన్ రాసినది. నోలా పట్టణపు పౌలినుస్ ఆయనను ఒక ప్రశ్న అడిగాడు: పరిశుద్ధుడి సమాధి పక్కన పాతిపెడితే చనిపోయినవాడికి మేలు కలుగుతుందా? దానికి జవాబుగా అగస్టీన్ ఒక చిన్న గ్రంథం రాశాడు. సాధారణంగా దాని కాలం 421 అంటారు. ఒకటి రెండేళ్లు ఇటూ అటూ జరిపేవారూ ఉన్నారు. హిప్పో దగ్గరి తుల్లియం అనే ఊళ్లో కుర్మా అనే సామాన్యుడి సంగతి ఇందులో ఉంది. అతడు పట్టణ సభ సభ్యుడు, పేదవాడు. జబ్బుపడి చాలా రోజులు శవంలా పడి ఉన్నాడు. ముక్కు దగ్గర సన్నని ఊపిరి తగులుతున్నందుకే పాతిపెట్టకుండా ఆగారు. కళ్లు తెరవగానే, కమ్మరి కుర్మా ఇంటికి ఎవరినైనా పంపి చూడమన్నాడు. వెళ్లి చూస్తే సరిగ్గా ఆ వేళకే కమ్మరి చనిపోయి ఉన్నాడు. పిలవమన్నది కమ్మరి కుర్మానని, తనను కాదని అక్కడ అనుకోవడం విన్నానని అతడు చెప్పాడు. పరదైసును కూడా చూశాడట. ఇక్కడ ఉండాలంటే హిప్పో వెళ్లి బాప్తిస్మం తీసుకోమని చెప్పి తనను పంపారన్నాడు. అలాగే తీసుకున్నాడు.

కథ కన్నా దాని మీద అగస్టీన్ నడిపిన తర్కం ముఖ్యమైనది. కుర్మా అక్కడ చనిపోయినవారితో పాటు బతికున్నవారిని కూడా చూశాడు. తన ప్రాంతపు గురువులు కొందరు, స్వయంగా అగస్టీన్ కూడా అందులో కనిపించారు. ఆ సంగతి అగస్టీన్‌కు తెలియనే తెలియదు. కుర్మాకు బాప్తిస్మమైన రెండేళ్లకు గాని ఎవరో చెప్పగా ఆయన వినలేదు. బతికున్నవాళ్లు తమకు తెలియకుండానే దర్శనంలో కనిపించగలిగితే, చనిపోయినవాళ్లు కూడా తమకు తెలియకుండానే, కలలో రూపాల్లా, కనిపించి ఉండవచ్చు కదా అన్నది ఆయన వాదం. కుర్మా అబద్ధమాడాడని ఆయన అనలేదు, కమ్మరి మరణాన్ని తోసిపుచ్చలేదు. పరదైసు ఉందన్న నమ్మకాన్ని మాత్రం కుర్మా మాటమీద నిలబెట్టలేదు. పదహారు వందల ఏళ్ల తరువాత వచ్చిన పుస్తకాల్లోనూ ఇంతకన్నా నిదానమైన విమర్శ అరుదు.

సుమారు 593–594లో పోప్ గ్రెగరీ పేరిట వెలువడిన ‘సంభాషణలు’ నాలుగవ భాగంలో ఇదే కథ మరో రూపంలో కనిపిస్తుంది. స్తెఫను అనే ప్రముఖుడు కాన్‌స్టాంటినోపుల్‌లో చనిపోయి న్యాయాధిపతి ముందుకు వెళ్లాడు. నేను పిలిచింది ఇతణ్ని కాదు, కమ్మరి స్తెఫనును అన్నాడట ఆ న్యాయాధిపతి. ఇతడు లేచాడు, పొరుగున ఉన్న కమ్మరి అదే గడియలో పోయాడు. ఆ మాట స్తెఫను తానే చెప్పగా విన్నానని గ్రెగరీ రాశాడు. తరువాత 590 నాటి రోము తెగులులో స్తెఫను నిజంగానే చనిపోయాడు. అదే తెగులులో చచ్చి బతికిన ఒక సైనికుడు నల్లని నది మీద వంతెనను, అవతలి ఒడ్డున పచ్చని మైదానాలను చూశానన్నాడు. ఆ వంతెన మీద స్తెఫను కాలు జారాడు. నల్లనివాళ్లు కిందనుంచి తొడలు పట్టి లాగుతుంటే, తెల్లని బట్టలవాళ్లు పైనుంచి చేతులు పట్టి లాగుతున్నారు. ఆయన దానధర్మాలు ఒకవైపు, శరీర వాంఛలు ఒకవైపు అని గ్రెగరీ వివరణ. ఎవరు గెలిచారో సైనికుడికి తెలియలేదు. ‘సంభాషణలు’ గ్రెగరీవి కావని 1987లో ఫ్రాన్సిస్ క్లార్క్ వాదించాడు. పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు.

ఈ కథ క్రైస్తవానికి సొంతం కాదు. 2వ శతాబ్దిలో లూకియన్ రాసిన వ్యంగ్య రచనలో జ్వరంతో పాతాళానికి వెళ్లినవాణ్ని తిప్పి పంపి, కమ్మరి దెమిలుసును తీసుకురమ్మంటారు. ప్లూటార్కు చెప్పి, యుసేబియుసు భద్రపరచిన మరో వృత్తాంతంలో పిలుపు చెప్పులు కుట్టే నికాండసుది. పరిశుద్ధుల చరిత్రలను పరిశోధించిన బెల్జియన్ జెసూయిట్ ఇపొలిత్ దెలహాయ్ 20వ శతాబ్ది ఆరంభంలోనే ఈ వరసను గుర్తించి, ఇది చేతులు మారుతూ వచ్చిన కథ అన్నాడు. గ్రెగరీ విషయంలో ఆ మాట చాలావరకు నిలుస్తుంది. ఊరూ పేరూ బాప్తిస్మమూ చెప్పిన కుర్మా విషయంలో అంత తేలిగ్గా తేల్చలేం.

యమభటులు పేరు పొరబడి ఒకరికి బదులు మరొకరిని తీసుకుపోవడం తెలుగువారికి కొత్త కాదు. సినిమాలకు కూడా ఎక్కిన కథ. అది పురాణ కాలక్షేపంలోనే కాదు, రోగుల నోటి వెంట కూడా వినిపిస్తుందని సత్వంత్ పస్రిచా, ఇయాన్ స్టీవెన్సన్ 1986లో చూపారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో పనిచేసిన పస్రిచా, వర్జీనియా విశ్వవిద్యాలయపు స్టీవెన్సన్ కలిసి ఉత్తర భారతదేశంలోని 16 ఉదంతాలను పరిశీలించారు. భటులు వచ్చి తీసుకుపోవడం, లెక్కల పుస్తకం ఉన్న వ్యక్తి, పొరపాటు బయటపడి వెనక్కి పంపడం వీటిలో పదేపదే వచ్చాయి. అమెరికన్ ఉదంతాల్లో ఆ పొరపాటు కనిపించలేదు. లూకియనునో గ్రెగరీనో చదివిన అవకాశం ఏమాత్రం లేనివారు ఈ మాటలు చెప్పారు.

మధ్యయుగం

ఇంగ్లండు చరిత్రకారుడు బీడ్ 731లో ముగించిన గ్రంథంలో డ్రితెల్మ్ కథ ఉంది. నార్తంబ్రియాకు చెందిన ఈ సంసారి సాయంత్రం చనిపోయి తెల్లవారి లేచాడు; ఆస్తి పంచేసి మఠంలో చేరాడు. ఇది 7వ శతాబ్ది చివరి సంగతి కావచ్చు. ఐర్లండు యోధుడు తుండల్ దర్శనం 1149 ప్రాంతంలో రీగెన్స్‌బుర్గులో రాతకెక్కింది. ఈ కాలపు కథలను నేటి కథలతో పోల్చిన కారల్ జలెస్కీ 1987లో ఒక తేడా చూపింది: మధ్యయుగంలో తీర్పు, శిక్ష ముందుంటే, ఇప్పుడు ఓదార్పు, నేర్చుకోవడం ముందుంటున్నాయి.

సిద్ధాంతం మాత్రం ఈ కథల దారిన నడవలేదు. నీతిమంతుల ఆత్మలు కడపటి తీర్పుకు ముందు దేవుని ముఖాన్ని పూర్తిగా చూడవని పోప్ 22వ జాన్ 1331లో ప్రసంగించడంతో వివాదం రేగింది. వెంటనే చూస్తాయని 12వ బెనెడిక్ట్ 1336లో తీర్మానించాడు. ఆత్మ నిద్రిస్తుందన్న వాదాన్ని ఖండిస్తూ కాల్విన్ 1534లో రాసిన పుస్తకం 1542లో అచ్చయింది.

మూడీ తరువాత

మూడీని ఈ దారికి తెచ్చినవాడు జార్జ్ రిచీ. 1943 డిసెంబరులో టెక్సాస్‌లోని బార్క్‌లీ సైనిక శిబిరంలో నిమోనియాతో ఈ ఇరవై ఏళ్ల కుర్రవాడు చనిపోయాడని ప్రకటించారు. సుమారు తొమ్మిది నిమిషాల తరువాత లేచాడంటారు. వెలుగుగా వచ్చినది క్రీస్తే అని, బతుకుతో ఏం చేశావని తనను అడిగాడని రిచీ చెప్పాడు. తరువాత మానసిక వైద్యుడయ్యాడు. 1965లో విద్యార్థిగా ఉన్న మూడీ ఆయన మాటలు విన్నాడు, పుస్తకాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అయినా మూడీ పుస్తకంలో ఆ వెలుగుకు మతం లేదు. ఎవరి విశ్వాసం వారికి దాని పేరు చెప్పింది.

అదే క్రైస్తవుల్లో కలత రేపింది. అందరినీ ప్రేమతో చేర్చుకునే వెలుగు ఉంటే పశ్చాత్తాపం ఎందుకన్నారు. టెనెసీ హృద్రోగ వైద్యుడు మారిస్ రాలింగ్స్ 1978లో నరకాన్ని చూసినవారి సంగతులు రాశాడు. ఆ జ్ఞాపకాలు భయంకరం కావడంతో రోగులు త్వరగా మరచిపోతారని ఆయన వాదం. దాన్ని పరీక్షించే మార్గం లేదు. మొదట నమ్మని హృద్రోగ వైద్యుడు మైకేల్ సేబమ్ 1982లో వైద్యపరంగా, 1998లో సువార్తిక క్రైస్తవుడిగా రెండు పుస్తకాలు రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదవదగినవి. ఆర్థొడాక్స్ సన్యాసి సెరాఫిమ్ రోజ్ 1980లో మరో వైపునుంచి వచ్చాడు. ఆత్మ ఆకాశంలో దయ్యాల సుంకపు ఠాణాలను దాటాలన్న పాత బోధను ముందుకు తెచ్చి, వెలుగురూపాలను నమ్మవద్దని హెచ్చరించాడు. ఆ ఠాణాల బోధ మీద ఆర్థొడాక్స్ సభలోనే వివాదం రేగింది.

2004 తరువాత ‘పరలోకం వెళ్లివచ్చిన’ పుస్తకాలు అమెరికాలో లక్షల్లో అమ్ముడయ్యాయి. 2014 జూన్‌లో సదరన్ బాప్టిస్టు సమాఖ్య, పరలోకం గురించి తెలుసుకోవడానికి లేఖనమే చాలునని తీర్మానం చేసింది. 2015 జనవరిలో, కారు ప్రమాదంలో గాయపడిన ఒక బాలుడు తన పేరుమీద వచ్చిన పుస్తకంలోని పరలోక యాత్ర జరగలేదని బహిరంగంగా చెప్పాడు. ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. తప్పు ఆ పిల్లవాడిది కాదు. ప్రమాదం నాటికి అతడికి ఆరేళ్లు.

వైద్య అధ్యయనాలు

నెదర్లాండ్స్‌లోని పది ఆసుపత్రుల్లో గుండె ఆగి బతికిన 344 మందిని పిమ్ వాన్ లోమెల్ బృందం ప్రశ్నించింది. 2001లో ‘లాన్సెట్’ ప్రచురించిన ఫలితాల ప్రకారం 62 మంది, అంటే 18 శాతం, ఇలాంటి అనుభవం చెప్పారు. గుండె ఎంతసేపు ఆగిందన్న దానితో, మతవిశ్వాసంతో దీనికి సంబంధం కనబడలేదు. శామ్ పర్నియా నాయకత్వంలోని అధ్యయనం (2014) పైకప్పు వైపు నుంచి మాత్రమే కనిపించేలా అలమరాల్లో బొమ్మలు పెట్టింది. గుండె ఆగిన 2,060 ఉదంతాలు నమోదయ్యాయి. చూశాం, విన్నాం అని చెప్పినవారు ఇద్దరే. ఆ ఇద్దరి గుండె ఆగింది బొమ్మలు లేని చోట్ల. మిషిగన్‌లో జీమో బోర్జిగిన్ బృందం 2023లో, ప్రాణాధార యంత్రాలు తీసిన నలుగురిలో ఇద్దరి మెదళ్లలో గామా తరంగాలు ఎగసినట్టు నమోదు చేసింది. ఆ ఇద్దరూ తిరిగి రాలేదు కాబట్టి వారికి ఏం కనిపించిందో ఎవరికీ తెలియదు.

పునరుత్థానమా, ఆత్మ అమరత్వమా

స్విస్–ఫ్రెంచి పండితుడు ఆస్కార్ కుల్‌మాన్ 1955లో హార్వర్డులో చేసిన ఉపన్యాసం ఈ చర్చకు ముందుదే అయినా దీనికి మూలం వంటిది. ఆత్మ సహజంగా చావులేనిదన్నది గ్రీకు భావన అని, తొలి క్రైస్తవుల ఆశ శరీర పునరుత్థానమని ఆయన చెప్పాడు. ఆ గీత అంత నిక్కచ్చిది కాదని తరువాతివారు సవరించారు. అయినా ఈస్టరు నమ్మకం దేహాన్ని వదిలి తేలిపోవడం గురించి కాదన్న ఆయన ముఖ్యమైన మాట నిలిచింది. శరీరం వదిలిన ఆనందాన్ని వర్ణించే అనుభవాలు ఈ నమ్మకానికి ఎంత దగ్గరగా వచ్చినా, దాని మధ్యభాగాన్ని తాకవు.

తెలుగు క్రైస్తవంలో

తెలుగు క్రైస్తవుల వాడుకలో రెండు భావనలూ పక్కపక్కనే ఉన్నాయి. సమాధి రాళ్లమీద, సంతాప పత్రికల్లో ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు; ‘మహిమ ప్రవేశం’ అనీ అంటారు. మొదటిది మేలుకోవలసిన రోజును గుర్తుచేస్తే, రెండోది ఇప్పటికే చేరిన చోటును చెబుతుంది. ప్రొటెస్టెంటు కూడికల్లో జబ్బునుంచి లేచినవారు చెప్పేది ‘సాక్ష్యం’. అందులో పరలోక దర్శనాలు కూడా ఉంటాయి. అవి ఎక్కువగా నోటిమాటగానే మిగిలాయి. కాథలిక్కుల ‘ఉత్తరించు స్థలము’ ప్రొటెస్టెంటులకు లేదు. అయినా నవంబరు 2న సమాధుల పండుగకు రెండు వర్గాలవారూ శ్మశానాలకు వచ్చి, సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒకరు ఆ ఆత్మల కోసం ప్రార్థిస్తారు, మరొకరు ఆ ఆత్మల విషయమై దేవునికి కృతజ్ఞత చెబుతారు.