ఎదురు తిరిగే మోటారు, మరిచిపోని స్విచ్చి

కవ్వాన్ని ఎప్పుడైనా సరిగ్గా గమనించారా? తాడు ఒక కొస లాగితే ఇటు తిరుగుతుంది, రెండో కొస లాగితే అటు. కవ్వానికి ముందుకి, వెనక్కి అనే తేడా లేదు, రెండూ కలిస్తేనే వెన్న. దేవదానవులు పాలసముద్రాన్ని చిలికినప్పుడు కూడా ఇదే ఏర్పాటు, తాడు బదులు వాసుకి. వడ్రంగి బరమా అంతే. బొమ్మలు చేసే పాత తరిణె కూడా అంతే. ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి అందరం వినే ఉంటాం (2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది). మోటార్లు రాకముందు అక్కడ అంకుడు కర్రని తాడుతోనే తిప్పేవాళ్ళు. ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవాళ్ళు. కర్ర ఒక దిక్కుకి తిరిగినప్పుడే ఉలి తెగుతుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఖాళీ. అంటే సగం శ్రమ దండగ అన్నమాట.

ఇదంతా ఎందుకంటే, చెక్క లేత్‌కి ఉండే రివర్స్ ఫార్వర్డ్ స్విచ్చి గురించి రాద్దామని. అరచేతిలో పట్టే వస్తువే గానీ, దాని వెనక చాలా చరిత్ర ఉంది.

ఆ దండగ సగాన్ని వదిలించుకోవడానికే మనిషి ఒకే దిక్కుకి ఆగకుండా తిరిగే లేత్ కోసం తంటాలు పడ్డాడు. కాలితో తొక్కితే బరువైన చక్రం సాయంతో ఒకే వైపుకి తిరిగే లేత్ బొమ్మ లియొనార్డో డావించీ కాగితాల్లో ఉంది. తర్వాత ఆవిరి యంత్రాలొచ్చాయి. ఫ్యాక్టరీ కప్పు కింద పొడుగాటి షాఫ్టు, దాన్నుంచి ఒక్కో మిషన్‌కి ఒక్కో బెల్టు. అక్కడ కొత్త చిక్కు వచ్చింది. ఆవిరి యంత్రం ఒకే వైపుకి తిప్పుతుంది, కానీ కొన్ని పనులకి ఎదురు తిరగడం కావాలి. దానికి కనిపెట్టిన ఉపాయం భలే తేలిక: బెల్టుని ఎనిమిది అంకెలా మెలేస్తే రెండో చక్రం ఎదురు తిరుగుతుంది. కవ్వానికి పుట్టుకతో వచ్చిన గుణాన్ని పోగొట్టుకుని, బెల్టు మెలేసి మళ్ళీ తెచ్చుకున్నారు!

ఇహ కరెంటు కథ. 1824లో ఆరాగో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, రాగి బిళ్ళని తిప్పితే దానిపైన వేలాడే అయస్కాంతపు సూది కూడా తిరగడం చూశాడు. మరి బిళ్ళని చేత్తో తిప్పకుండా, అయస్కాంత క్షేత్రాన్నే తిప్పగలిగితే? 1885లో ఇటలీలో గలిలియో ఫెరారిస్ ఆ పని చేసి చూపించాడు. 1888 మే 1న అమెరికాలో నికోలా టెస్లాకి పేటెంట్లు వచ్చాయి. ఆ మరుసటేడు జర్మనీలో దొలివో-దొబ్రొవోల్‌స్కీ త్రీ ఫేజ్ మోటారుని ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చాడు. 1891లో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 175 కిలోమీటర్లు త్రీ ఫేజ్ కరెంటు పంపించి చూపించారు కూడా.

ఈ మోటారులో నాకు నచ్చే విషయం ఒకటుంది. మూడు ఫేజులు ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి, ఆ వరసే మోటారు తిరిగే దిక్కు. ఏ రెండు వైర్లు తారుమారు చేసినా వరస తిరగబడుతుంది, మోటారూ ఎదురు తిరుగుతుంది. బెల్టు మెలెయ్యడం పోయి వైర్లు మెలెయ్యడం వచ్చిందన్నమాట. ఇది మన రైతులకి బాగా తెలుసు. లైను రిపేరు చేశాక ఫేజులు మారిపోయి, మోటారు తిరుగుతున్నా నీళ్ళు సరిగ్గా రాకపోతే, స్టార్టర్ దగ్గర రెండు వైర్లు మార్చేస్తారు. వాళ్ళు టెస్లా పేరు విన్నా వినకపోయినా పని జరిగిపోతుంది.

మా ప్రాంతానికి ఈ కరెంటు మెల్లగా వచ్చింది. మాచ్‌ఖండ్‌లో 1955లో ఉత్పత్తి మొదలైంది. రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. అప్పటికి ఒంగోలు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది, మా జిల్లా పుట్టింది 1970లో. తర్వాత చీమకుర్తి గ్రానైట్‌తో కోత మిషన్లు, పాలిష్ మిషన్లు వచ్చి, మోటారు వైండింగ్ తెలిసినవాళ్ళకి ఒంగోల్లో పనికి కొదవ లేకుండా పోయింది.

మా పెదనాన్నది ఒంగోల్లో చిన్న లేత్ షెడ్డు. మంచం కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, చపాతీ కర్రలు, అడపాదడపా కవ్వాలు కూడా చేస్తాడు. రెండు హార్స్‌పవర్ త్రీ ఫేజ్ మోటారు, పక్కన నల్లటి బేకలైట్ పిడి ఉన్న స్విచ్చి. మధ్యలో సున్నా, ఒక పక్క ముందుకి, ఇంకో పక్క వెనక్కి. రివర్స్ దేనికంటే, నునుపు చెయ్యడానికి. గరుకు కాగితం ఒకే వైపు రుద్దితే చెక్క పీచు పడుకుంటుందే గానీ తెగదు. ఎదురు తిప్పి రుద్దితే నున్నగా వస్తుంది.

2024 సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ స్విచ్చి కాలిపోయి ఉంది. రివర్స్‌లో బాగానే తిరుగుతోంది, ఫార్వర్డ్‌లో పెడితే మాత్రం మూలుగుతూ నిలబడిపోతోంది. మన భాషలో చెప్పాలంటే బగ్ సగానికి సగం దొరికినట్టే. మోటారు బావుంది, ఫ్యూజులు బావున్నాయి. ఫార్వర్డ్ దారిలో ఒక కాంటాక్ట్ కాలిపోయి మోటారుకి రెండు ఫేజులే అందుతున్నాయి. మెయిన్ తీసి, ఫ్యూజులు పీకి, టెస్ట్ లాంప్‌తో కరెంటు లేదని చూసుకుని విప్పితే, ఊహించినట్టే ఒక రాగి ముక్క కరిగి, చుట్టూ బేకలైట్ బొగ్గయిపోయింది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. జోరుగా తిరుగుతున్న మోటారుని సున్నా దగ్గర ఆపకుండా ఒక్కసారిగా ఎదురు తిప్పితే, మామూలు కరెంటుకి ఐదారు రెట్లున్న స్టార్టింగ్ కరెంటుని కూడా దాటిపోతుంది. ఆ మెరుపు ప్రతిసారీ కాంటాక్ట్ మీద కొంచెం కొంచెం తింటుంది. (ఇళ్ళలో ఉండే సింగిల్ ఫేజ్ మోటార్లు చాలావాటిలో ఇంకో తమాషా. తిరుగుతుండగా పిడి చటుక్కున మారిస్తే అసలు ఎదురు తిరగవు, పాత దిక్కుకే పోతుంటాయి. ఆగాక స్టార్ట్ చేస్తేనే దిక్కు మారుతుంది.)

అలాంటిదే ఇంకో స్విచ్చి తెచ్చి బిగిస్తే అరగంట పని. పెదనాన్న అదే అన్నాడు. నేను మాత్రం రెండు కాంటాక్టర్లు, ఓవర్‌లోడ్ రిలే, మూడు బటన్లు ఉన్న పెట్టె పెట్టిద్దామన్నాను.

"ఏందిరా అబ్బయ్యా, ముప్పయ్యేళ్ళ నుంచీ ఈ పిడే తిప్పుతున్నా. ఎన్నడన్నా ఏమన్నా అయిందా?" అన్నాడు.

నా భయం కాలిపోవడం గురించి కాదు. పాత స్విచ్చికి జ్ఞాపకశక్తి ఎక్కువ, దాని గురించి. పనిలో ఉండగా కరెంటు పోతుంది. పిడి ఫార్వర్డ్‌లోనే ఉంటుంది. మనిషి కోడు కొలుద్దామని చెయ్యి పెడతాడు. కరెంటు వస్తుంది. అంతే, లేత్ దానంతటది మొదలవుతుంది. కాంటాక్టర్‌ని పట్టి ఉంచేది కరెంటే. కరెంటు పోతే అది వదిలేస్తుంది, మళ్ళీ బటన్ నొక్కేదాకా గుర్తు తెచ్చుకోదు. పైగా రెండు కాంటాక్టర్లూ ఒకేసారి పడితే ఫేజులు షార్ట్ అవుతాయి కాబట్టి, ఒకటి పడితే రెండోది పడకుండా ఇంటర్‌లాక్ ఉంటుంది, మన మ్యూటెక్స్ లాగా. స్టాప్ నొక్కకుండా రివర్స్ నొక్కితే పలకదు. నొక్కాక కూడా కోడు ఆగేదాకా ఓపిక పట్టడం మాత్రం మన వంతే.

విచిత్రమేమిటంటే, మన పొలాల్లో ఇదే మతిమరుపుని పోగొట్టడానికి డబ్బులు పెట్టారు. కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలియని రోజుల్లో, వచ్చిన వెంటనే బోరు దానంతటదే మొదలవ్వాలని స్టార్టర్లకి ఆటో స్విచ్చిలు తగిలించుకున్నారు. అర్ధరాత్రి పాములూ తేళ్ళ మధ్య పొలానికి పోవాల్సినవాణ్ణి తప్పుపట్టలేం. కానీ అన్ని మోటార్లూ ఒక్కసారే మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కాను? తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమే రైతుల్ని అడగాల్సి వచ్చింది. అంటే ఏది గుర్తుంచుకోవాలి, ఏది మరిచిపోవాలి అన్నది సరుకుని బట్టి కాదు, దాని ముందు నిలబడే మనిషిని బట్టి. బోరు దగ్గర మనిషి ఉండడు. లేత్ దగ్గర వేళ్ళుంటాయి.

ఇది చెప్పాక పెదనాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కరెంటు పోయినప్పుడల్లా మీ పెద్దమ్మ పిడి సున్నాకి తిప్పావా అని ఇంట్లోంచి అరుస్తానే ఉంటది" అన్నాడు. ముప్పయ్యేళ్ళు ఏమీ కాకపోవడానికి కారణం అదీ. ఇంటర్‌లాక్ మా పెద్దమ్మ :)

మర్నాడు పెట్టె బిగించారు. మీరూ ఈసారి ఊరెళ్ళినప్పుడు పిండి మిల్లో, రంపం మిల్లో, లేత్ షెడ్డో కనిపిస్తే, కరెంటు పోయి వస్తే మిషన్ దానంతటది మొదలవుతుందా అని అడగండి. అవుతుందంటే, స్విచ్చి కాలేదాకా ఆగకుండా అప్పుడే మార్పించండి.